కాలనీ కూడా ప్రాజెక్టే

తెలంగాణ నీటిపారుదల శాఖ మంత్రి గారికి,



శ్రీరాంసాగర్ గురించి మీ బల్ల మీదికి రోజూ వచ్చే కాగితంలో నీటిమట్టం ఉంటుంది, ఇన్‌ఫ్లో ఉంటుంది, కాకతీయ కాలువకు, సరస్వతికి, లక్ష్మికి ఎన్నెన్ని క్యూసెక్కులు వదిలారో ఉంటుంది. వానాకాలమైతే 42 గేట్లలో ఎన్ని ఎత్తారో కూడా రాస్తారు. ఆ గేట్లు ఎత్తిన మనిషి కాపురం ఎక్కడో, రాత్రి పన్నెండింటికి ఫోను వస్తే అతను డ్యామ్ మీదికి రావడానికి ఎంతసేపు పడుతుందో మాత్రం ఉండదు. ఈ ఉత్తరం దాని గురించే. శ్రీరాంసాగర్ ఉన్న పోచంపాడ్‌లోని ప్రాజెక్టు కాలనీ గురించి.

నేను ఇంజినీరును కాను. లక్ష్మి కాలువ నీళ్లను నమ్ముకుని పసుపు, ఎర్రజొన్న వేసే ఇంటివాణ్ణి. కాలువకు నీళ్లు రాకపోతే, తూములు చూసుకునే లష్కర్ దగ్గరికి పోవడం, లష్కర్‌తో కాకపోతే అసిస్టెంట్ ఇంజినీరు (ఏఈ) సారు దగ్గరికి పోవడం మా ఇళ్లలో తాతల నాటి పద్ధతి. ఒకప్పుడు ఆ ఇద్దరినీ పట్టుకోవాలంటే సైకిలేసుకుని కాలనీకి పోతే సరిపోయేది. ఇప్పుడు ముందు ఫోను చేయాలి. సారు ఆర్మూర్‌లో ఉన్నాడా, నిర్మల్‌లో ఉన్నాడా, నిజామాబాద్ నుంచి బయల్దేరాడా కనుక్కోవాలి. నిజామాబాద్ అయితే యాభై కిలోమీటర్ల పైమాటే. ఆయన తప్పేమీ లేదు. ఆయన పోచంపాడ్‌లో ఎందుకు ఉండటం లేదో విడమరిచి చెప్పాలనే ఇది రాస్తున్నాను.

1963 జూలై 26న నెహ్రూ గారు ఇక్కడ శంకుస్థాపన చేశారు. గోదావరి మీద అంత పెద్ద కట్ట లేవాలంటే ముందు దాన్ని లేపేవాళ్లు తలదాచుకోవాలి. మన దేశంలో అప్పట్లో మొదలైన పెద్ద ప్రాజెక్టులన్నింటికీ ఇదే వరుస. ముందు క్యాంపు, తర్వాత కాలనీ, ఆ తర్వాతే కాంక్రీటు. హోదాను బట్టి రకరకాల క్వార్టర్లు, ఆఫీసులు, గెస్ట్ హౌసు, పిల్లలకు బడి, వేపచెట్ల నీడలో సక్కటి రోడ్లు. ఫిట్టర్లు, వెల్డర్లు, డ్రైవర్లు, మేస్త్రీలు, వర్క్ ఇన్‌స్పెక్టర్లు ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. ఆంధ్ర జిల్లాల మాట, కరీంనగర్ మాట, మరాఠీ కలిసిన మా గోదావరి ఒడ్డు మాట ఒకే నల్లా దగ్గర వినిపించేవి. చుట్టూ పల్లెలే అయినా కాలనీకి టౌను కళ ఉండేది. సాయంత్రం వీధి దీపాలు వెలిగే ఊరు మా చుట్టుపక్కల అదొక్కటే అని పెద్దవాళ్లు చెప్పుకునేవారు.

కట్ట పూర్తయ్యాక కట్టినవాళ్లు వేరే పనులకు వెళ్లిపోయారు. అది సహజం. మిగలాల్సింది నడిపేవాళ్లు. గేట్లు, కాలువల తూములు, కరెంటు, పంపులు చూసుకునేవాళ్లు. వీళ్లలో చాలామంది వర్క్‌చార్జ్‌డ్, ఎన్‌ఎంఆర్ అనే తాత్కాలిక పద్ధతుల కింద చేరినవాళ్లే. 1994లో వచ్చిన 212 జీవోతో కొందరు పర్మినెంటు అయ్యారు. ఆ తరం ఒక్కొక్కరుగా రిటైరైంది. ఖాళీ అయిన ఉద్యోగాలన్నీ మళ్లీ నింపలేదు, నింపిన చోట అవుట్‌సోర్సింగ్. అవుట్‌సోర్సింగ్ మనిషికి క్వార్టరు ఇచ్చే రూలు ఎక్కడుంది? అట్లా ఇంట్లో ఉండే హక్కు ఉన్నవాళ్లు తగ్గారు. పని చేసేవాళ్లకు ఇల్లు లేదు.

ఇక పర్మినెంటు ఉద్యోగుల సంగతి. క్వార్టరు తీసుకుంటే ఇంటి అద్దె భత్యం, అంటే హెచ్‌ఆర్‌ఏ పోతుంది. పోయిన వేతన సవరణ (పీఆర్‌సీ) లెక్కన పెద్ద పట్టణాల్లో 17 శాతం ఉంటే, పోచంపాడ్ లాంటి చోట పనిచేసేవారికి 11 శాతం. ఆ పదకొండు శాతమూ వదులుకుని వానొస్తే గిన్నెలు పెట్టుకునే ఇంట్లో ఎవరుంటారు? దానికి నాలుగు రూపాయలు కలిపి ఆర్మూర్‌లో రెండు గదులు తీసుకుంటే పిల్లలకు బడి దగ్గర, ముసలివాళ్లకు ఆసుపత్రి దగ్గర. నేనైనా అదే చేస్తాను, మీరైనా అదే చేస్తారు. హెడ్‌క్వార్టర్స్‌లోనే ఉండాలని సర్క్యులర్లు ఎన్ని వచ్చినా అందుకే పనిచేయవు. ఉండదగ్గ ఇల్లు చూపించకుండా ఉండమని అడిగే హక్కు ఎవరికీ లేదు కదా.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు గానీ కట్టిన ఇంటిని అరవై ఏళ్లు నిలబెట్టి చూడు అని ఎవరూ అనలేదు. ఖాళీ క్వార్టరు ఎట్లా పోతుందో నేను దగ్గరగా చూశాను. మొదట మీటరు విప్పుకుపోతారు. అది అధికారికంగానే జరుగుతుంది, బిల్లు కట్టేవాడు లేడు కాబట్టి. మరుసటి వారం స్విచ్ బోర్డుల వెనక రాగి తీగ మాయం. తర్వాత నల్లా తలలు, కిటికీ ఊచలు. టేకు చౌకట్లు ఉంటే వాటి వంతు తర్వాతి ఎండాకాలం వస్తుంది. దర్వాజా పోయిన ఇంట్లోకి గాలి, మేకలు, పేకాట అన్నీ వస్తాయి. అసలు చావు మాత్రం పైనుంచి. స్లాబు మీద వేపాకు రాలి నీళ్లు పోయే గొట్టం నోరు మూసుకుపోతుంది. మనుషులుంటే వానాకాలం ముందు ఎవరో ఒకరు నిచ్చెనేసుకుని ఎక్కి ఊడ్చేస్తారు, పావుగంట పని. మనుషులు లేరు. నీళ్లు నిలుస్తాయి, లోపలి ఇనుము తుప్పు పట్టి ఉబ్బుతుంది, కింద పెచ్చులు రాలతాయి. పిట్ట వేసిన రావి గింజ పిట్టగోడ పగులులో మొలుస్తుంది. మూడో ఏటికి దాని వేరు గోడలోకి దిగితే ఇక ఆ ఇంటిని బాగు చేయాలంటే కొత్తది కట్టినంత ఖర్చు. అప్పుడు ఎవరో వచ్చి గోడ మీద ఎర్రరంగుతో రాసిపోతారు. ఇల్లు శిథిలమైంది, లోపలికి పోరాదు అని. ఫైలు మీద కండెమ్ అని పడుతుంది. పావుగంట ఊడ్పు పని జరగక ఒక ఇల్లు పోయిందని ఆ ఫైల్లో రాయరు.

మా జిల్లాకు ఇట్లాంటి దృశ్యం కొత్త కాదు. బోధన్ పక్కన శక్కర్‌నగర్ ఉంది. 1930ల చివర్లో నిజాం షుగర్ ఫ్యాక్టరీతో పాటు పుట్టిన ఊరు. ఫ్యాక్టరీ సైరనుకు లేచి, సైరనుకు పడుకున్న ఊరు. 2002లో ఫ్యాక్టరీ ప్రైవేటు చేతికి వెళ్లింది, 2015 డిసెంబరులో లే ఆఫ్ ప్రకటించారు. అక్కడి క్వార్టర్ల గతి జిల్లా అంతా చూసింది. కానీ శక్కర్‌నగర్‌కు ఒక కారణం చెప్పుకోవచ్చు. గానుగ ఆగింది, ఇళ్లు పాడుపడ్డాయి. పోచంపాడ్‌లో ఏం ఆగింది? జలవిద్యుత్ కేంద్రంలో 36 మెగావాట్ల యంత్రాలున్నాయి. ఉత్తర తెలంగాణ పొలాలు ఈ కాలువల మీదే ఉన్నాయి. 2017 ఆగస్టు 10న పునరుజ్జీవన పథకానికి ఇక్కడే శంకుస్థాపన చేసి, వరద కాలువలో నీళ్లను వెనక్కి ఎత్తి జలాశయం నింపడానికి 1,067 కోట్ల రూపాయలు అనుకున్నారు. అంటే ప్రాజెక్టు అవసరం తగ్గలేదు, ఇంకా పెరిగింది. పని పెరుగుతున్న చోట కాలనీ పాడుబడటం నాకు అర్థం కాని సంగతి.

జలాశయంలో ఒండ్రు ఎంత చేరిందో శాఖ ఎప్పటికప్పుడు సర్వే చేయిస్తుంది. 112 టీఎంసీలకు కట్టినది 90కి వచ్చింది, తర్వాతి సర్వేలో 80 దగ్గరికి దిగింది. ఆ లెక్క మాకు పేపర్లో కనిపిస్తుంది, దాని మీద అసెంబ్లీలో మాట్లాడతారు. కాలనీలో కట్టిన క్వార్టర్లెన్ని, వాటిలో దీపం వెలిగేవెన్ని అన్న లెక్కను కూడా అదే శ్రద్ధతో జనం ముందు పెట్టిన ప్రభుత్వాన్ని నేను చూడలేదు.

ఇళ్లు మంచి విషయమే గానీ డ్యామ్ భద్రతకూ దానికీ ఏం సంబంధం అని మీ ఆఫీసులో ఎవరైనా అనవచ్చు. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యామ్‌లో 19వ గేటు గొలుసు తెగింది. గేటు కొట్టుకుపోయింది. రిటైరైన గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు గారిని పిలిపించి, పారే నీళ్లలోనే తాత్కాలిక అడ్డుపలక (స్టాప్‌లాగ్) దింపడానికి వారం పట్టింది. మనకు పొరుగునే కడెం ఉంది. 2022 జూలైలో వరద కట్ట మీదికి వచ్చిన రాత్రి ఒక గేటు తెరుచుకోలేదు. మరుసటి ఏడు జూలైలో మళ్లీ కొన్ని గేట్లు మొరాయించాయి. గొలుసు తెగడానికీ మోటారు కాలడానికీ ఆఫీసు టైము ఉండదు. ఆ గంటలో హైదరాబాద్‌లో ఎంత పెద్ద ఇంజినీరు ఉన్నాడన్నది తర్వాతి మాట. చెప్పులేసుకుని నడిచి రాగల దూరంలో ఎందరున్నారు?

ఇంకో మాట. గేటు సంగతి తెలియడానికి మాన్యువల్ చాలదు. వానాకాలం ముందు వైరు రోపులకు కార్డియం కాంపౌండ్ అనే నల్లటి గ్రీజు పట్టించాలి. గేరు బాక్సుల్లో నూనె చూడాలి, రబ్బరు సీళ్లు ఎక్కడ కారుతున్నాయో చూడాలి, కరెంటు పోతే జనరేటరు అందుకుంటుందో లేదో నడిపి చూడాలి. ఇదంతా రాతలో ఉంటుంది. కానీ ఫలానా నంబరు గేటు ఎత్తేటప్పుడు జానెడు లేచాక కొంచెం బిగుస్తుందని, రెండు నిమిషాలు ఆపి మళ్లీ ఎత్తాలని తెలిసేది పదేళ్లు అక్కడే ఉన్నవాడికి. మోటారు చప్పుడు మారితే తిండి మధ్యలో లేచేవాడికి. కాంట్రాక్టు మారినప్పుడల్లా కొత్త ముఖాలు వస్తే ఆ తెలివి ఎవరి దగ్గర నిలుస్తుంది? పాతవాడు పక్క క్వార్టర్లో ఉంటే కొత్తవాడు సాయంత్రం చాయ్ దగ్గర అడిగి తెలుసుకుంటాడు. నిర్మల్‌లో ఒకడు, ఆర్మూర్‌లో ఒకడు ఉంటే ఆ చాయ్ లేదు.

ఏటా జూలై ఒకటిన మన అధికారులు గోదావరి మీద ఎగువన మహారాష్ట్రలోని బాబ్లీ బ్యారేజీకి వెళ్లి నిలబడతారు. 2013 సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం అక్కడి 14 గేట్లు ఎత్తించడం మన హక్కు కాబట్టి. మంచిదే. ఎగువ గేట్ల దగ్గర మన మనిషి ఉండాలని అంత పట్టుబట్టాం. సొంత గేట్ల దగ్గర మన మనిషి ఉండటం మీద అంత పట్టు ఎందుకు లేదు?

చట్టం కూడా ఇదే అడుగుతోంది. 2021లో పార్లమెంటు చేసిన డ్యామ్ భద్రత చట్టం ప్రకారం ప్రతి పెద్ద డ్యామ్‌కూ భద్రత విభాగం, అత్యవసర కార్యాచరణ ప్రణాళిక ఉండాలి. మన రాష్ట్రంలో 2020 చివర్లో శాఖను పునర్వ్యవస్థీకరించినప్పుడు నిర్వహణకు వేరుగా ఓ అండ్ ఎం విభాగం కూడా పెట్టారు. ఆ విభాగం ఖర్చుల్లో గేటు రోపు ఉంటుంది, గేరు నూనె ఉంటుంది. గేటు ఆపరేటర్ ఇంటి పైకప్పును కూడా అదే పద్దులో చేర్చమని నా మనవి. రోపు ఎందుకు నిర్వహణ ఖర్చో, పైకప్పూ అందుకే. దాన్ని భవనాల మరమ్మతు అని వేరే పద్దులో పడేస్తే, డబ్బు లేని ఏడు ముందు కోత పడేది అక్కడే.

ఇప్పుడు కాలనీలో ఉన్నవాళ్ల గురించి. రిటైరైనవాళ్లున్నారు, పోయిన ఉద్యోగి భార్యాపిల్లలున్నారు, చిన్న చిన్న పనులు చేసుకునేవాళ్లున్నారు. కొందరికి కాగితముంది, కొందరికి లేదు. వీళ్లను అక్రమంగా ఉంటున్నవాళ్లు అని ఒక్క మాటతో తోసేయడం తేలిక. కానీ వీధిలో పది ఇళ్లు ఖాళీ అయి ఒక్క ఇంట్లో మనుషులుంటే, ఆ పది ఇళ్ల కిటికీలకు కాపలా కాసిందీ, పామొస్తే కర్ర పట్టుకున్నదీ, పైపు పగిలితే ఆఫీసుకు పోయి చెప్పిందీ ఆ ఒక్క ఇంటివాళ్లే. జీతం లేని వాచ్‌మన్ పని. వీళ్లలో నిజంగా గతి లేనివాళ్లెవరు, వేరేచోట రెండంతస్తులు కట్టుకుని ఇక్కడ తాళం వేసి ఉంచుకున్నవాళ్లెవరు అన్నది గ్రామ స్థాయి రెవెన్యూ ఉద్యోగి ఒకరు వారంలో తేల్చగలరు. రెండో రకాన్ని ఖాళీ చేయించండి, నేను కూడా వచ్చి నిలబడతాను. మొదటి రకానికి నామమాత్రపు అద్దె, గడువు రాసిన కాగితం ఇవ్వండి. ఏం చేసినా వానాకాలంలో సామాన్లు బయట పడేయించకండి.

హైవే నుంచి కాలనీ వైపు వచ్చే దారి మీరు చూసే ఉంటారు. 44వ నంబరు జాతీయ రహదారి పక్కన, పోచంపాడ్ చౌరస్తా నుంచి ఆర్మూర్ దాకా, వరి మడుల్లో తెల్ల రాళ్లు పాతిన ప్లాట్లు కనిపిస్తాయి. గేట్లెత్తిన ఆదివారం ఈ దారంతా కార్లే. చేపల ఫ్రై బండ్లకు తీరిక ఉండదు, కోదండరామాలయానికీ రద్దీ. ఇంత గిరాకీ ఉన్నచోట, చెట్ల నీడతో, నది పక్కన, సర్కారు చేతిలో ఇంత జాగా ఉంటే దాని మీద కళ్లు పడకుండా ఉంటాయా? రిసార్టు అనొచ్చు, వేలం అనొచ్చు, ఆదాయం అనొచ్చు. మీ దగ్గరికి ఆ ఆలోచన ఇప్పటికే వచ్చిందని నేను అనడం లేదు. వస్తుందని అంటున్నాను. వచ్చిన రోజున రెండు సంగతులు గుర్తు చేసుకోండి.

ఒకటి, ఈ నేల ఎవరిదో. జలాశయం కింద పల్లెలు మునిగాయి. ఎండాకాలం నీళ్లు తగ్గితే నందిపేట వైపు కుస్తాపూర్ రామలింగేశ్వరుడి గుడి బయటపడుతుంది. పాత ఊళ్లవాళ్లు పిల్లల్ని తీసుకుపోయి మొక్కి, మన ఇల్లు అదుగో అక్కడ ఉండేది అని నీళ్ల వైపు చూపిస్తారు. ప్రాజెక్టు పేరు చెప్పి వాళ్ల దగ్గర భూమి తీసుకున్నారు. ప్రాజెక్టుకు అక్కరలేదనుకుంటే ఆ జాగా మీద మొదటి మాట మునక ఊళ్ల మనవళ్లది కావాలి, వేలం పాటలో ఎక్కువ పాడినవాడిది కాదు.

రెండోది, ఇట్లాంటి కాలనీలను ఏం చేయాలో తెలియక ఆగిపోవాల్సిన పని లేదు. అమెరికాలో హూవర్ డ్యామ్ కట్టేవాళ్ల కోసం 1931లో అక్కడి కేంద్ర ప్రభుత్వం బౌల్డర్ సిటీ అనే ఊరు కట్టింది. డ్యామ్ పని అయ్యాక కూడా దాన్ని సర్కారు కాలనీగానే పాతికేళ్లు నడిపి, 1958లో ఒక చట్టం చేసి, 1960లో ఊరిని ఊరివాళ్లకు అప్పగించింది. ఇప్పటికీ అది బతికున్న ఊరు. మన రాష్ట్రంలోనే నాగార్జునసాగర్ హిల్ కాలనీ, పైలాన్ కాలనీ ఉన్నాయి. వాటిని 2018లో నందికొండ మున్సిపాలిటీ చేశారు. క్వార్టర్ల హక్కుల పంచాయితీ అక్కడ ఏళ్ల తరబడి నడిచింది, ఆ తలనొప్పి నుంచి మనం నేర్చుకోవాల్సింది చాలా ఉంది. పోచంపాడ్ అంత పెద్దది కాదు, మున్సిపాలిటీ అడగడం లేదు. వీధి దీపం ఎవరిది, మురుగు కాలువ ఎవరిది, పంచాయతీదా ప్రాజెక్టుదా అన్నది ఒక కాగితం మీద తేలితే చాలు. ప్రాజెక్టు కాలనీలు ఎక్కడున్నా ఇదే చిక్కు. ఇద్దరు యజమానులున్న ఎద్దుకు గడ్డి వేసేవాడుండడు.

నేను అడిగేది కొత్త నగరం కాదు. గేట్లు, హెడ్ రెగ్యులేటర్లు, జనరేటర్లు, కంట్రోల్ రూము నడపడానికి రాత్రిపూట తప్పనిసరిగా కాలనీలో ఉండాల్సిన ఉద్యోగాలేవో ముందు రాయించండి. పెద్ద జాబితా ఏమీ కాదు. ఆ ఉద్యోగాలకు సరిపడా క్వార్టర్లను డ్యామ్‌కు దగ్గరి వీధుల్లో ఎంచి, స్లాబు నుంచి మరుగుదొడ్డి దాకా బాగు చేయించండి. బాగు కాని ఇళ్లు కూల్చేసి అదే జాగాలో కొత్తవి కట్టండి, చెట్లు ఉంచి. అందులో ఉండేవాడు పర్మినెంటా, అవుట్‌సోర్సింగా అని చూడకండి. గేటు దగ్గర ఉండాల్సిన పని ఉంటే ఇల్లు ఇవ్వండి. పర్మినెంటు వాళ్లకు ఆ కొద్ది ఇళ్ల మట్టుకు హెచ్‌ఆర్‌ఏ కోత ఎత్తేయండి. ఆర్థిక శాఖ ఒప్పుకోదని మీవాళ్లు అంటారు. రాత్రిళ్లు సిద్ధంగా ఉన్నందుకు ఇచ్చే భత్యం అని పేరు మార్చి పంపితే ఒప్పుకుంటుందేమో చూడండి, సెక్రటేరియట్‌లో పేర్లు మారిస్తే అయిన పనులు మీకే ఎక్కువ తెలుసు. లష్కర్లను తీసుకుంటామని ప్రభుత్వం చెబుతూ వచ్చింది. తీసుకున్నప్పుడు కాలువ గట్టు పల్లెల పిల్లల్ని తీసుకుని, వాళ్లలో డ్యామ్ దగ్గర పనిచేసేవాళ్లకు ఈ ఇళ్లే చూపించండి. పక్కనే గురుకులం ఉంది. ఊళ్లో ఒక మంచి ప్రాథమిక పాఠశాల, వారానికి రెండు రోజులైనా వచ్చే డాక్టరు ఉంటే కాపురాలు వాటంతట అవే తిరిగొస్తాయి.

వీటన్నింటికంటే ముందు జరగాల్సినది, పెద్ద ఖర్చు లేనిది ఒకటుంది. క్వార్టర్ల జాబితా. ఏ నంబరు ఇల్లు, ఏ స్థితిలో ఉంది, ఎవరున్నారు, ఎప్పటి నుంచి. వచ్చే జూలై ఒకటిన బాబ్లీ గేట్లు లేచేలోగా దాన్ని తయారు చేయించి కాలనీలోని ఆఫీసు గోడకు అంటించమని మీ సూపరింటెండింగ్ ఇంజినీరు (ఎస్‌ఈ) గారికి చెప్పండి. తెలుగులో రాయించండి. తప్పులుంటే అక్కడ ఉంటున్నవాళ్లే చదివి దిద్దుతారు.

ఇట్లు,
లక్ష్మి కాలువ ఆయకట్టు రైతు,
బాల్కొండ ప్రాంతం, నిజామాబాద్ జిల్లా